టీకా పెట్టెకు తాళం

2018 మే నెలలో నన్ను పాలమూరు ప్రాజెక్టుకు వేశారు. హైదరాబాదులోని ఒక మధ్యరకం సాఫ్ట్‌వేర్ కంపెనీలో అప్పటికి నాది సిస్టమ్ ఆర్కిటెక్ట్ హోదా. ఈ మాట వినగానే చాలామంది "అంటే ప్రోగ్రాములు రాస్తారా?" అని అడుగుతారు. రాయను. సమాచారం ఎక్కడ పుడుతుంది, ఎక్కడ నిలవుంటుంది, ఏ యంత్రం నుంచి ఏ యంత్రానికి ఏ దారిలో పోతుంది, ఆ దారి తెగితే ఏమవుతుంది, ఎవరికి చూసే హక్కు, ఎవరికి మార్చే హక్కు, ఇవన్నీ ప్రోగ్రాము మొదలుపెట్టకముందే తేల్చి కాగితం మీద పెట్టడం నా పని. కంపెనీలో ప్రోగ్రామర్ల మీద లీడ్ ఉంటాడు, అందరి మీదా డెలివరీ మేనేజర్ ఉంటాడు. ఆర్కిటెక్ట్ పక్కన ఉంటుంది. సలహా చెబుతుంది, సంతకం పెట్టదు. జీతం బాగానే ఉంటుంది కాబట్టి ఈ సంగతి బయటివాళ్ళకు తెలియదు.

పని ఇచ్చినది గొర్రెల పెంపకందారులకు సంచార పశువైద్యం అందించే ఒక స్వచ్ఛంద సంస్థ. పేరు అనవసరం. పాత మహబూబ్‌నగర్ జిల్లా అంతటా వాళ్ళ వ్యాన్లు తిరిగేవి. వాళ్ళకున్న పెద్ద తలనొప్పి టీకామందు పక్కదారి పట్టడం. గొర్రెలకు వచ్చే పారుడు రోగానికి ఏటా ఒకసారి టీకా వేయాలి. ఆ రోగం వస్తే నోట్లో పుండ్లు, ముక్కు కారడం, విరేచనాలు. లేత పిల్లలైతే రోజుల్లోనే పోతాయి. ఒక ఊరికి కేటాయించిన సీసాలు వ్యాను ఆ ఊరు చేరేలోపే ఎవరో పెద్దమనిషి ఫారానికి చేరేవి. దీన్ని ఆపే వ్యవస్థ గీసివ్వమన్నారు.

వాళ్ళు కోరినది, నేను గీసినది క్లుప్తంగా చెబుతాను. ప్రతి వ్యానులో టీకా ఉంచే చల్లని పెట్టె. దానికి ఎలక్ట్రానిక్ తాళం, వ్యాను మీది సోలార్ పలకతో నడిచే చిన్న బ్యాటరీ, లోపలి చలిని ఎప్పటికప్పుడు నమోదు చేసే సెన్సారు. టీకా వేసే మనిషి చేతిలో ట్యాబ్. ప్రతి గొర్రె చెవికీ నంబరు పోగు. ఆ నంబరు ట్యాబ్‌లో కొడితే గొర్రె యజమాని ఎవరు, ఏ ఊరు అని తెలుస్తుంది. ఆ పెట్టెలో ఆ ఊరి పేర కేటాయించిన మందు మిగిలి ఉంటేనే ట్యాబ్ తాళానికి సంకేతం పంపుతుంది, పెట్టె తెరుచుకుంటుంది. ట్యాబ్‌లో ఉన్నదంతా రోజూ సాయంత్రం సిగ్నల్ ఉన్నచోట హైదరాబాదు సర్వరుకు ఎక్కుతుంది.

గొడవ రెండు చోట్ల వచ్చింది. లెక్కకు ఊరు కాదు, మంద ఆధారం కావాలన్నాను నేను. మంద నడుస్తుంది, ఊరు నడవదు. సంస్థ సీఈఓ ఒప్పుకోలేదు. విరాళాలిచ్చేవాళ్ళు ఊళ్ళవారీగా నివేదిక అడుగుతారట. ఆయన పై ఉద్యోగాలు చేసి విరమించిన మనిషి, మర్యాదగా మాట్లాడి తన మాటే నెగ్గించుకునేవారు. రెండోది మినహాయింపు. ఊరు సరిపోలకపోయినా అవసరం పడితే టీకా వేసే మనిషీ గొర్రెల యజమానీ ఇద్దరూ వేలిముద్ర వేసి, కారణం నమోదు చేసి, అక్కడికక్కడే పెట్టె తెరిచే వీలుండాలని నేను రాశాను. లెక్క తరువాత తేల్చుకోవచ్చు. "అలా తెరిచే వీలుంటే తాళం దేనికండీ?" అన్నారాయన. మినహాయింపు కావాలంటే తన ఆమోదంతో సంస్థ ఆఫీసు నుంచి ఓటీపీ రావాలని మార్పించారు. ఓటీపీకి టవర్ కావాలి సార్ అన్నాను. మొబైల్ కంపెనీ వాళ్ళ మ్యాపు తెరిచి చూపించారు. జిల్లా అంతా ఆకుపచ్చగా ఉంది. ఆ మ్యాపు గీసినవాడు నా వృత్తివాడే కాబట్టి దాన్ని ఎంత నమ్మాలో నాకు తెలుసు.

తుది నిర్ణయానికి ముందు వాడేవాళ్ళతో ఒక సమావేశం పెట్టడం పద్ధతి. జూలైలో కోస్గిలో పెట్టారు. పెంపకందారుల తరఫున వచ్చినవాళ్ళలో బీరయ్య పెద్ద. కోస్గి పక్క ఊరివాడు, అరవై దాటిన మనిషి, నాలుగైదు కుటుంబాల గొర్రెలను ఒకే మందగా కలుపుకొని వలస నడిపించేవాడు. అలాంటివాణ్ణి మందపెద్ద అంటారు. తాళం సంగతి సీఈఓ వివరించగానే ఆయన లేచి నిలబడ్డాడు.

"పోయినేడు మా ఊరికి మందొచ్చిందని కాయిదం మీదున్నది సారూ. మా గొర్లకు చుక్క వడలే. ఏ దొర ఫారానికి వోయిందో తెల్వదు. గిప్పుడు తాళమేస్తమంటున్నరు, మంచిగున్నది. ఏ ఊరిది ఆ ఊరికే. ఎవ్వడొచ్చి అడిగినా తెరువొద్దు."

"మీ మంద వలస పోయినప్పుడో, పెద్దయ్యా?" అని అడిగాను.

"సూది ఏపిచ్చుకోనే పోతం గద బిడ్డా. ఊకెనే ఊరు దాటుతమా?"

"కాలం గాక ముందుగాల్నే పోవాల్సొస్తేనో?"

ఆయన సభవైపు తిరిగాడు. "గీ మేడం కాలాన్ని గూడ కంప్యూటర్ల రాస్తదేమో, జర పైలం!" అన్నాడు. అందరూ నవ్వారు. సీఈఓ అందరికంటే ఎక్కువ నవ్వారు.

తిరిగొచ్చేటప్పుడు జీపులో మా డెలివరీ మేనేజర్ ప్రసాద్ నాకు బుద్ధులు చెప్పాడు. నాకంటే చిన్నవాడు, గుంటూరు వైపు మనిషి, చెడ్డవాడు కాదు. "క్లయింట్ ముందే ఆయన మనుషులతో పోట్లాడతారేంటండీ మీరు? వాళ్ళకేం కావాలో వాళ్ళకి తెలీదా?" అన్నాడు. తెలుసు, వాన పడితే ఏం కావాలో తెలుసు, పడకపోతే ఏం కావాలో వాళ్ళూ అడగలేదు, నువ్వూ అడగలేదు అన్నాను. మా సొంతూరు తిరుమలగిరి దగ్గరి మెట్ట పల్లె. వాన పడని ఏడు ఎలా ఉంటుందో నాకెవరూ మ్యాపు చూపించనక్కర్లేదు. డిజైన్ పత్రం మీద మా తరఫున ప్రసాద్, వాళ్ళ తరఫున సీఈఓ సంతకాలు చేశారు. నా అభ్యంతరం చివరి పేజీలో ఒక వాక్యంగా మిగిలింది.

ఆ ఏడు వానలు ముఖం చాటేశాయి. పాలమూరు మెట్టల్లో గడ్డి లేదు, కుంటల్లో నీళ్ళు లేవు. మామూలుగా టీకాలు వేయించుకొని, పంటలు కోసిన తరువాత కదిలే మందలు దీపావళికే నది దారి పట్టాయి. కోస్గి వైపు వ్యాను టీకాలతో వెళ్ళేసరికి ఊళ్ళో మందలు లేవు. ఆ ఊరి కేటాయింపు అలాగే ఉండిపోయింది. కంప్యూటరు తెర మీద అది తప్పుగా కనిపించదు; "నిల్వ సురక్షితం" అని కనిపిస్తుంది.

వ్యవస్థ నడక మొదలైన కొత్తలో ఆర్కిటెక్ట్ వ్యాన్లతో పాటు తిరిగి చూడాలన్నది నేను పెట్టిన షరతు. మా వాళ్ళెవరికీ అది ఇష్టం ఉండేది కాదు, నా ఖర్చులు పెరుగుతాయని. డిసెంబరు మొదట్లో ఆలంపూర్ వైపు వెళ్ళాను. టీకా వేసే అమ్మాయి పేరు సరిత. పశువైద్యంలో డిప్లొమా చేసింది, మెరికలాంటి పిల్ల. తుంగభద్ర ఒడ్డున ఒక పల్లెలో ఆ ఊరి గొర్రెలకు టీకాలు వేయాలి. దారిలో కోసిన చేనులో ఒక పరాయి మంద కనిపించింది. వలస మందలను రైతులు తమ చేలల్లో రాత్రుళ్ళు నిలుపుకుంటారు. పెంటికలూ మూత్రమూ భూమికి ఎరువు. బదులుగా గింజలిస్తారు, బావిలో నీళ్ళు తోడుకోనిస్తారు. మంద కట్టడం అంటారు దీన్ని. వలస కాపరి బతుకంతా ఆ రైతుల మంచితనం మీదే.

మంద దగ్గర నిలబడ్డది బీరయ్య. పక్కన ఆయన భార్య కనకమ్మ. సరిత ఆగమని డ్రైవరుకు చెప్పి దిగింది. అంచున మూడు నాలుగు పిల్లలు తల వేలాడేసి నిలబడ్డాయి. ముక్కులు కారుతున్నాయి. ఒకదాని నోరు తెరిచి చూసి, "గిది పారుడే మేడం" అంది సరిత. రోగం అంటుకున్నవాటికి టీకాతో పని లేదు, కానీ మిగతావాటికి ఆ పూటే వేస్తే చాలావాటిని నిలబెట్టొచ్చని వివరించింది. పెట్టె నిండా మందుంది. ఒక గొర్రె చెవి నంబరు ట్యాబ్‌లో కొట్టింది. తెర ఎర్రబడింది: ఈ ఊరి కేటాయింపులో లేదు. మినహాయింపు మీట నొక్కింది. సిగ్నల్ లేదు. నది పల్లంలో ఆకుపచ్చ మ్యాపు అక్కరకు రాలేదు.

అప్పుడు సరితకు ఒక ఉపాయం తట్టింది. "ఊరు మార్పు" అని ట్యాబ్‌లో ఒక వీలుంది, ఇల్లు మారిన కుటుంబాల కోసం పెట్టింది. యజమాని వేలిముద్ర వేసి "నేనిప్పుడు ఈ ఊరివాణ్ణి" అంటే చాలు, సిగ్నల్ అక్కర్లేదు. "మామా, జర ఏలు వెట్టు. గీ ఊరోనివని రాస్త. పెట్టె తెరుసుకుంటది" అంది.

బీరయ్య చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"గీ ఊరి పేరు మీద ఏలు వెడితే, గీ ఊరి మందులకెల్లి నాకిస్తరు. అంతేనా? మరి గీళ్ళ గొర్లకు తక్కువ వడ్తది."

"పడితే పడనీ మామా, తర్వాత జూసుకుందం."

"గీళ్ళ చేన్ల పంటున్న. గీళ్ళ బాయిల నీళ్ళు తాగుతున్న. గీళ్ళ మందు మీద చెయ్యేసి రేపు ఏ మొకం వెట్టుకోని మంద కట్టనీయుమని అడగాలె? మా ఊరిది దొంగలు తింటున్రని నేనే కదా సభల లేచి మాట్లాడిన."

నాకు వాదించడం వచ్చు. పాతికేళ్ళు దానితోనే నెట్టుకొచ్చాను. ఇది దొంగతనం కాదు పెద్దయ్యా, మీ ఊరి వాటా అక్కడ వాడకుండా ఉన్నది, దాన్ని తరువాత వీళ్ళకు సర్దుతారు అన్నాను.

"ఎవరు సర్దుతరు? నువ్వు సర్దుతవా?"

నాకా అధికారం లేదు. సర్దమని చెప్పగలను, అంతే. ఆయనకు అది నా ముఖంలోనే కనిపించినట్టుంది, మంద వైపు తిరిగాడు.

కనకమ్మ మాత్రం ఊరుకోలేదు. "నీ నియ్యతి మన్నువడ! పిల్లలు ముక్కులు గార్సుకుంట నిలవడ్డయి, నీకు మర్యాద గావాల్సొచ్చిందా? అండ్ల సగం నా తల్లిగారు వెట్టిన గొర్లు. నీ ఏలు లేకుంటే పాయె, నా ఏలు వెట్టు పిల్లా!" అని ట్యాబ్ మీదికి చెయ్యి చాపింది. ఆ కుటుంబాల్లో ఆడపిల్లకు పుట్టింటివాళ్ళు గొర్రెలు పెడతారు, వాటి పిల్లలూ ఆమెవే. మందలో కలిసి మేస్తాయి, చెవి గాటు మాత్రం వేరు. "నీ ఏలు పట్టది అత్తా. నంబర్లన్నీ మామ పేరు మీదనే ఉన్నయి" అంది సరిత. ట్యాబ్‌లో మందకు యజమాని అని ఒకే గడి ఉంది. ఆ గడి గురించి సమీక్షలో ఎవరూ ఒక్క మాట అడగలేదు, నేనూ అడగలేదు.

"మంచిగ రాసుకున్నరు పో," అంది కనకమ్మ నాతో. "మోసుడు నేను, ఈనిపిచ్చుడు నేను, పేరు ఆయనది." బీరయ్య జబ్బు పిల్లలను విడిగా కట్టడానికి కర్రలు పాతసాగాడు.

తాళం పగలగొడదామన్నాను. సరిత నావైపు చూసి, "వలగ్గొడితే ఉద్యోగం నాది వోతది మేడం, మీది గాదు" అంది.

వ్యానులో పెద్ద రోడ్డు దాకా వెళ్ళాను. సిగ్నల్ వచ్చింది. మినహాయింపు కోరిక పంపాను, సీఈఓకు ఫోన్ చేశాను. స్విచాఫ్. ఆఫీసులో సహాయకుడు దొరికాడు: సారు ఢిల్లీలో మీటింగులో ఉన్నారు, రోగం నిజమేనని డాక్టరు రిపోర్టు మెయిల్ చేస్తే రాగానే చూపిస్తానన్నాడు. రిపోర్టు ఇవ్వాల్సిన డాక్టరు వనపర్తి వైపు వేరే వ్యానులో ఉన్నాడు. ప్రసాద్‌కు ఫోన్ చేసి, డేటాబేస్‌లోనే నేరుగా కేటాయింపు మార్పించు అన్నాను. నడుస్తున్న డేటాబేస్‌ను ఆర్కిటెక్ట్ ముట్టకూడదు. అది మంచి నియమం. లేకపోతే ప్రతివాడూ తన ఇష్టం వచ్చినట్టు దిద్దుతాడు. అతను మార్పించగలడు. కానీ భయపడ్డాడు. "లైవ్‌లో చెయ్యి పెడితే ఆడిట్‌లో దొరికిపోతామండీ. రాతపూర్వకంగా ఇప్పించండి, అయిదు నిమిషాల్లో చేయిస్తా" అన్నాడు. నోటికొచ్చిన మాటలన్నీ అన్నాను. విన్నాడు, ఫోన్ పెట్టేయలేదు, మార్చనూ లేదు.

నాలుగైదు రోజులకు సీఈఓ తిరిగొచ్చి అనుమతి పంపేసరికి మందలో చాలావాటికి రోగం అంటుకుంది. పెట్టె తెరుచుకుంది. వేయడానికి పనికొచ్చే గొర్రెలు సరితకు గుప్పెడే దొరికాయి. పోయినవాటిని ఇసుకలో గోతులు తీసి పాతారు. ఆ సాయంత్రం చేను ఆసామి వచ్చాడు. దూరంగానే నిలబడి, "ఏమనుకోకు బీరన్నా, మా గొర్లకు గూడ అంటుకుంటదంటున్నరు. మంద లేపు" అన్నాడు. ఎవరి దగ్గర మర్యాద పోకూడదని ఆయన వేలు పెట్టలేదో ఆ ఊరే పొమ్మంది. ఆసామిని తప్పుపట్టలేను, అతనివీ గొర్రెలే. బీరయ్య సరేనని తల ఊపాడు. కనకమ్మ ఆయనవైపు వీపు తిప్పి గిన్నెలు మూట కట్టుకుంది.

జనవరిలో హైదరాబాదులో సమీక్ష జరిగింది. మొదటి స్లైడు మీదే పెద్ద అక్షరాలతో ఉంది: ఒక్క డోసు కూడా పక్కదారి పట్టలేదు. నిజమే. ఆలంపూర్ సంగతి నేను లేవదీశాను. వ్యవస్థ రాసుకున్న నియమాల ప్రకారమే పనిచేసిందని ప్రసాద్ చెప్పాడు. అదీ నిజమే. మినహాయింపు కోరితే అనుమతి ఇచ్చామని, యజమానే ప్రత్యామ్నాయాన్ని నిరాకరించాడని, అసలు ఆ నియమం కోస్గి సభలో ఆయనే కోరాడని సీఈఓ గుర్తుచేశారు. మూడూ నిజాలే. ఇన్ని నిజాల మధ్య గొర్రెలు చచ్చిపోవడం ఎవరికీ చెందని సంగతి అయింది. నేను గట్టిగా మాట్లాడాను, అవసరమైనదానికంటే గట్టిగా. అక్కడికక్కడే తెరిచే వీలు పెట్టాలన్న నా కోరికను "మార్పు ప్రతిపాదన" అని నమోదు చేశారు. రెండో దశలో చూద్దామన్నారు. రెండో దశ వచ్చేలోపు నన్ను ఆ ప్రాజెక్టు నుంచి తప్పించారు, క్లయింటుతో పొసగడం లేదని. తరువాత రెండేళ్ళకు, యాభై రెండో ఏట, స్వచ్ఛంద విరమణ తీసుకున్నాను.

సరిత అప్పుడప్పుడు ఫోన్ చేస్తుంటుంది. బీరయ్య మిగిలిన గొర్రెలు అమ్మేశాడని, కలిసి నడిచిన కుటుంబాలు ఆయన్ను మందపెద్దగా ఒప్పుకోవడం లేదని చెప్పింది. కనకమ్మ కోస్గి దగ్గర కోళ్ళ ఫారంలో పనికి పోతున్నదట.

ఈ వృత్తిలోకి వచ్చేవాళ్ళు ఇప్పటికీ నన్ను సలహా అడుగుతుంటారు. వాళ్ళకు చెప్పేది ఇది. ప్రతి డిజైన్‌లోనూ ఎవరు తెరవకూడదో చెప్పే పేజీలు బోలెడుంటాయి, వాటిని అందరూ చదువుతారు. పై అధికారి అందనప్పుడు అక్కడున్న మనిషి తన పూచీ మీద ఎలా తెరవాలి, తెరిచినందుకు ఆమె ఉద్యోగం పోకుండా ఏం కాపాడుతుంది అన్న పేజీ లేకపోతే ఆ డిజైన్ పూర్తి కాలేదు. వాడేవాళ్ళే అడిగారు కదా అనేది జవాబు కాదు. వాళ్ళు దొంగను ఆపమన్నారు, మేము పెట్టెను ఆపాం. ఈ తేడాను కనిపెట్టడానికే ఆర్కిటెక్ట్‌కు జీతం ఇస్తారు. కనిపెట్టి, చెప్పి, చివరి పేజీలో ఒక వాక్యంగా మిగిలిపోతే ఆ జీతానికి సగం పనే చేసినట్టు.